పదవి పోయింది, పెత్తనం మిగిలింది: బీదర్ పటేళ్ల కథ

1956 నవంబరు 1న బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. అహ్మద్‌పూర్, నీలంగ, ఉద్గీర్ తాలూకాలు బొంబాయి రాష్ట్రానికి పోయాయి. నారాయణఖేడ్ తాలూకా, నిర్ణ సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. బీదర్ పట్నంతో పాటు మిగిలినదంతా మైసూరు రాష్ట్రానికి దక్కింది. అంతకుముందు రోజు దాకా ఈ ఊళ్లన్నిటికీ ఒకే సర్కారు, ఒకే రెవెన్యూ చట్టం. చావడిలో కూర్చుని ఊరిని నడిపే మనుషులు కూడా అన్ని చోట్లా ఒకటే: శిస్తు వసూలు చేసే మాలీ పటేల్, శాంతిభద్రతలు చూసే పోలీస్ పటేల్, లెక్కలు రాసే పట్వారీ. ముగ్గురివీ వంశపారంపర్య కొలువులే.

ఆ తర్వాత మూడు రాష్ట్రాలు ఈ ముగ్గురినీ మూడు రకాలుగా సాగనంపాయి. ఒకే చరిత్ర ఉన్న ఊళ్లు మూడు దారులు పట్టినప్పుడు ఏం జరిగిందో పోల్చి చూసే అవకాశం మన దేశంలో అరుదుగా దొరుకుతుంది. ఊరికి బావి కావాలా, బడి కావాలా, రోడ్డు ముందు ఏ వాడకు వేయాలి అన్నది తేల్చేదెవరు? నేటి గ్రామ ప్రణాళికల వెనక ఉన్న ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే బీదర్ దగ్గర మొదలుపెట్టాలి.

కొలత మొదలైన చోటు

బీదర్‌ను రాజధానిగా చేసుకుని ఏలిన బహమనీల కొలువులో మహమూద్ గవాన్ అనే వజీరు ఉండేవాడు. 1472లో ఆయన కట్టించిన మదర్సా సగం కూలినా, ముందు భాగంలో రంగు పెంకుల ఆనవాళ్లతో బీదర్ పాతబస్తీలో ఇప్పటికీ నిలబడి ఉంది. పర్యాటకులు ఆ కట్టడాన్ని చూసి వెళ్లిపోతారు గానీ, పల్లెకు సంబంధించినంత వరకు గవాన్ చేసిన పెద్ద పని వేరే. పొలాలను కొలిపించి, ఊళ్ల హద్దులు తేల్చి, ఆ లెక్క మీద శిస్తు నిర్ణయించే పద్ధతి తెచ్చాడు. తరఫులు అనే నాలుగు పెద్ద రాష్ట్రాలను ఎనిమిది చేసి, అమీర్ల చేతుల్లోని బలాన్ని తగ్గించాడు. అది గిట్టనివాళ్లు దొంగ ఉత్తరం పుట్టించారు. 1481లో సుల్తాను ఆయన తల తీయించాడు.

గవాన్ పోయినా లెక్క అవసరం పోలేదు. రాజధానిలో ఎవరు కూర్చున్నా, ఏ చెలకలో ఏం పండిందో, ఏ రైతు ఊరు వదిలి పోయాడో చెప్పడానికి ఊళ్లో ఒక మనిషి కావాలి. బహమనీలు పోయి బరీద్‌షాహీలు వచ్చారు. 1619లో బీజాపూర్, 1657లో ఔరంగజేబు, 1724 తర్వాత నిజాం వచ్చారు. మధ్యలో మరాఠాల చౌత్, సర్దేశ్‌ముఖీ వసూళ్లు కూడా నడిచాయి. ఇన్ని జెండాలు మారినా ఊరి పటేల్ గడప మారలేదు. పైనున్న పరగణా స్థాయిలో దేశ్‌ముఖ్, దేశ్‌పాండే. కింద ఊళ్లో పటేల్, కులకర్ణి లేదా పట్వారీ. ఈ కొలువులకు వతన్ అని పేరు. అంటే తండ్రి తర్వాత కొడుక్కి వచ్చే హక్కు, దానితో పాటు కొంత భూమి, వసూళ్లలో కొంత వాటా, పండగలో మొదటి మర్యాద.

1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ అల్లికను కొంత విప్పాడు. అప్పటిదాకా శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవారు. ఆయన 1865లో జిలాబందీ చేసి జిల్లాలు ఏర్పరచి, జీతం తీసుకునే తాలూక్‌దార్లను పెట్టాడు. వసూళ్ల నుంచి దేశ్‌ముఖ్‌లను, దేశ్‌పాండేలను తప్పించి, అందుకు బదులుగా రుసుం పేరుతో భత్యం ఇచ్చాడు. పటేల్, పట్వారీ జోలికి మాత్రం వెళ్లలేదు. వెళ్లినా ప్రయోజనం ఉండేది కాదు. వాళ్లు లేకుండా తాలూక్‌దార్ చేతికి ఒక్క రూపాయి కూడా చేరదు. హైదరాబాద్ భూమి శిస్తు చట్టం 1317 ఫస్లీలో, అంటే 1907 ప్రాంతంలో వచ్చినప్పుడు కూడా వాళ్ల స్థానం చట్టం లోపలే పదిలంగా ఉంది.

చావడిలో ఎవరెక్కడ

బీదర్ పల్లెలో చావడి అంటే ఎర్రరాతి అరుగు మీద లేపిన వసారా. నడుమ గద్దె మీదో మంచం మీదో పటేల్. పక్కన చాప మీద పట్వారీ, ఆయన ముందు గుడ్డలో మూటగట్టిన దఫ్తరు. ఆ మూటలో సర్వే లెక్కల సేత్వార్, ఏటా పొలాల వివరాలు రాసే పహాణీ, శిస్తు లెక్కల వసూల్ బాకీ. చుట్టూ పెద్ద కాపులు, కోమట్లు. మెట్ల కింద, చెప్పులు విడిచే చోట, కబురు మోసే మనిషీ తలారీ. ఊరి బయటి వాడల మనుషులు పిలిస్తేనే రావాలి, వచ్చినా ఎండలో నిలబడే మాట్లాడాలి. ఆడవాళ్లకు అక్కడ చోటే లేదు.

ఆ రోజుల్లో ప్రణాళిక అన్న మాట ఎవరూ వాడలేదు. కానీ ప్రణాళిక పని అంతా ఆ అరుగు మీదే జరిగేది. కరువు ఏడాది సర్కారు ఇచ్చే తకావీ అప్పు ఎవరి పేరున రాయాలి, కట్ట తెగితే మన్ను మోయడానికి ఏ ఇంటి నుంచి ఎంతమంది రావాలి, పశువులు మేసే గైరాన్‌లో ఎవరు దున్నుకోవచ్చు, ఎవరిని ఆపాలి అన్నవన్నీ అక్కడే తేలేవి. పట్వారీ రాసిందే లెక్క, పటేల్ చెప్పిందే మాట. చదువు రాని రైతుకు తన పొలం పహాణీలో ఎవరి పేరున ఉందో పట్వారీ చెప్తేనే తెలిసేది. ఊరి మీద పెత్తనానికి వేరు అక్కడుంది. కర్ర, కొరడా తర్వాతి సంగతులు.

నిజాం ప్రభుత్వం పంతొమ్మిదో శతాబ్దం చివర్లో శిస్తు మీద రూపాయికి ఒక అణా లోకల్ సెస్సు వేసి, జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు పెట్టింది. రోడ్లు, బడులు, వైద్యశాలలు ఆ డబ్బుతో నడవాలి. బోర్డు అధ్యక్షుడు తాలూక్‌దారే. అణా కట్టింది రైతు. దాన్ని ఏ ఊరికి ఖర్చు పెట్టాలో అడిగే దారి మాత్రం రైతుకు లేదు. అడగాలంటే పటేల్ ద్వారానే అడగాలి. దీనికి తోడు బీదర్ జిల్లాలో చాలా ఊళ్లు పాయిగా ప్రభువుల కింద, జాగీర్ల కింద ఉండేవి. కల్యాణి నవాబు జాగీరు అందులో ఒకటి. అక్కడ సర్కారు మాటే ఆలస్యంగా వినపడేది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యే దాకా అదే తీరు.

1948 మే నెలలో గోరటలో రజాకార్లు జరిపిన హత్యాకాండ, సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఇదే జిల్లాలో ముస్లిం కుటుంబాల మీద పడిన దారుణాలు వేరే వ్యాసమంత బరువైనవి. ఇక్కడ ఒక్కటే చెప్తాను. ఆ ఏడాది రజాకార్లు పోయారు, నిజాం పాలన పోయింది. చావడి మాత్రం మరుసటి రోజు యథాప్రకారం తెరుచుకుంది.

అదే నేల మీద ఇంకో సభ

ఊరి పెద్దరికం అంటే పటేల్ ఒక్కడే అనుకుంటే బీదర్‌కు అన్యాయం చేసినట్టే. ఈ జిల్లాలోని బసవకల్యాణలోనే పన్నెండో శతాబ్దంలో బసవన్న అనుభవ మంటపం నడిచింది. అల్లమప్రభువు అధ్యక్షత వహించిన ఆ సభలో చాకలి మాచయ్య, పడవ నడిపే చౌడయ్య, చెప్పులు కుట్టే హరళయ్య సాటివాళ్లుగా కూర్చున్నారు. ఆడవాళ్లూ మాట్లాడారు. హరళయ్య కొడుక్కి బ్రాహ్మణ కులంలో పుట్టిన మధువరసు కూతురినిచ్చి పెళ్లి చేసినందుకు ఇద్దరు వియ్యంకులనూ రాజు బిజ్జలుడు చంపించాడని బసవన్న అనుచరులైన శరణుల కథలు చెబుతాయి. బసవన్న కథను పాల్కురికి సోమనాథుడు తెలుగులో రాశాడు కాబట్టి ఈ పేర్లు మనకు కొత్త కాదు. పెద్దరికానికి అదే మట్టిలో రెండు నమూనాలు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. ఒకచోట పుట్టుకను బట్టి చోటు. రెండోచోట మాటను బట్టి.

రెండో నమూనా పూర్తిగా అంతరించలేదు. ఇరవయ్యో శతాబ్దంలో భాల్కి హిరేమఠాధిపతి చన్నబసవ పట్టద్దేవరు ఉన్నారు. నిజాం ఏలుబడిలో ఉర్దూ బడులకే మన్నన ఉన్న కాలంలో ఆయన బయట ఉర్దూ బోర్డు పెట్టి లోపల కన్నడం చెప్పించారు. మఠానికి వచ్చిన కానుకలు బడులకూ పిల్లల వసతికీ మళ్లాయి. ఆయన చేతిలో శిస్తు పుస్తకం లేదు, తలారీ లేడు. ఆయన మాట మీద నమ్మకంతో ఊళ్లు చందాలు ఇచ్చాయి. జిల్లా బోర్డు పట్టించుకోని పనిని ఒక మఠం నెత్తికెత్తుకుంది. సంప్రదాయ పెద్దల వల్ల ఊరికి ఒరిగిందేమీ లేదని వాదించేవాళ్లు ఈ ఒక్క మనిషిని దాటి వెళ్లలేరు.

మూడు వీడ్కోళ్లు

ఇప్పుడు మూడు ముక్కల సంగతి. బొంబాయి వైపు వెళ్లిన ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్‌లకు మహారాష్ట్ర ఏర్పడ్డాక రెవెన్యూ పటేళ్ల పదవిని రద్దు చేస్తూ 1962లో చట్టం వచ్చింది. పోలీస్ పాటిల్ మాత్రం మిగిలాడు. 1967 నాటి గ్రామ పోలీసు చట్టం కింద ఇప్పటికీ అక్కడ ఊరూరా పోలీస్ పాటిల్ ఉంటాడు. వారసత్వం పోయి నియామకం వచ్చింది, గౌరవ వేతనం వచ్చింది. ఆ గౌరవం మాత్రం పాతదే.

మైసూరు వైపున్న బీదర్, భాల్కి, హుమ్నాబాద్, బసవకల్యాణ, ఔరాద్ ఊళ్లలో 1961 నాటి గ్రామాధికారాల రద్దు చట్టం 1963 ఫిబ్రవరి 1 నుంచి అమలైంది. వంశపారంపర్య కొలువులన్నీ పోయాయి, గ్రామ లెక్కిగ వచ్చాడు. పాత అధికారులు కోర్టుకెక్కారు. 1966లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందని తేల్చింది. అయితే ఆ చట్టంలోనే ఒక ఏర్పాటు ఉంది. కొలువుకు కట్టిన భూమిని సర్కారు స్వాధీనం చేసుకుని, నిర్ణయించిన సొమ్ము కడితే మళ్లీ ఆ కుటుంబానికే ఇవ్వాలి. తలారీ, నీరుగంటి వంటి కింది కొలువుల వాళ్లకూ ఈ హక్కు దక్కింది, అది మంచిదే. కానీ పెద్ద చెలకలు ఎవరివో వేరే చెప్పాలా? గద్దె పోయింది, దాని కింది నేల అలాగే ఉంది.

ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన నారాయణఖేడ్, జహీరాబాద్ ఊళ్లు అందరికంటే ఆలస్యంగా ఈ మార్పు చూశాయి. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి పంచాయతీ సమితిని ప్రారంభించినా, ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అలాగే ఉన్నారు. పాతికేళ్లు ఒక ఊళ్లో రెండు గద్దెలు. ఓట్లతో గెలిచిన సర్పంచి ఒకవైపు, పుట్టుకతో వచ్చిన పటేల్ ఇంకోవైపు. చాలాచోట్ల ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కావడంతో తగాదా రాలేదు. 1984 జనవరిలో ఎన్‌టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ పదవులను ఒక్క దెబ్బకు ఎత్తేసింది. దాన్నీ సుప్రీంకోర్టు 1985లో సమర్థించింది. ఆ వెంటనే మండలాలు వచ్చాయి. ఎన్‌టీఆర్ పాలన మీద ఎన్ని వాదనలున్నా, తెలంగాణ పల్లెలో ఒక పేద రైతు నెత్తి మీది బరువు దింపిన నిర్ణయాల్లో దీన్ని ముందు వరసలో పెడతాను.

కర్ణాటకగా పేరు మారిన మైసూరు రాష్ట్రం ఇంకో పని చేసింది. అబ్దుల్ నజీర్‌సాబ్ పంచాయతీరాజ్ మంత్రిగా ఉండగా వచ్చిన 1983 చట్టం జిల్లా పరిషత్తులకు నిజమైన డబ్బు, ఉద్యోగులను ఇచ్చింది, ఆడవాళ్లకు నాలుగోవంతు సీట్లు కేటాయించింది. 1987లో ఎన్నికలు జరిగాయి. కొన్ని ఊళ్లు కలిపి ఒక మండల పంచాయతీ కావడంతో ఒక్క ఊరి పటేల్ ఇంటి బలం చాలని పరిస్థితి వచ్చింది. ఢిల్లీ పంచాయతీల కోసం రాజ్యాంగ 73వ సవరణ గురించి ఆలోచించినప్పుడు కళ్ల ముందున్న ఉదాహరణల్లో కర్ణాటక ముఖ్యమైనది.

సరిహద్దు చెప్పిన సాక్ష్యం

నిజాం కింద ఒకటిగా ఉండి 1956లో విడిపోయిన ఈ ప్రాంతం ఆర్థికవేత్తల కంట పడింది. టిమ్ బెస్లీ, రోహిణి పాండే, విజయేంద్ర రావు నాలుగు దక్షిణాది రాష్ట్రాల పంచాయతీలను అధ్యయనం చేయడానికి సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న జిల్లాలను జంటలుగా ఎంచుకున్నారు. అందులో ఒక జంట బీదర్, మెదక్. జహీరాబాద్, నారాయణఖేడ్ అప్పుడు మెదక్ జిల్లాలో ఉండేవి. వాళ్లకు తేలినవాటిలో రెండు సంగతులు మన విషయానికి సూటిగా తగులుతాయి. పంచాయతీలో అధ్యక్షుడు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికే రోడ్లు, నీళ్లు, దీపాలు ఎక్కువగా చేరుతున్నాయి. గ్రామసభ జరిగిన ఊళ్లలో భూమి లేనివాళ్లకు, చదువు రానివాళ్లకు పేదల కార్డు దక్కే అవకాశం పెరుగుతోంది. తర్వాత సమాజ శాస్త్రవేత్త పరోమితా సన్యాల్‌తో కలిసి విజయేంద్ర రావు ఈ నాలుగు రాష్ట్రాల్లో దాదాపు 300 గ్రామసభల్లో జనం మాట్లాడిన మాటలు యథాతథంగా రికార్డు చేయించి, 2019లో పుస్తకంగా తెచ్చారు. మైకు ముందు కూలీ మనిషి మాట, భూస్వామి మాట పక్కపక్కనే అచ్చయిన అరుదైన పుస్తకమది.

కర్ణాటక పల్లెల్లో ఊరి పెద్దల కూటములు ఇంకా ఎలా బతికి ఉన్నాయో పరిశోధకురాలు కృపా అనంత్‌పూర్ పరిశీలించారు. తగాదాలు తీర్చడం, జాతర జరపడం, గుడి పనులకు చందా పోగుచేయడం వాళ్ల పని. పంచాయతీకి ఎవరు నిలబడాలన్న దాంట్లోనూ వాళ్ల మాట నడుస్తుంది. కోర్టు ఖర్చు, పోలీసు స్టేషన్ భయం లేకుండా ఊళ్లోనే తెగిపోతుందని జనం వాళ్ల దగ్గరికి వెళ్తారు. ఆ కూటములను దుర్మార్గమని కొట్టిపారేయలేం, మన పల్లె ప్రజాస్వామ్యమని పొగడనూ లేం.

చేదు కోణం మాత్రం కళ్ల ముందే ఉంది. ఏకగ్రీవం అన్న మంచి మాట వెనక చాలాసార్లు నలుగురు పెద్దల మాటే ఉంటుంది. 2020 డిసెంబరు పంచాయతీ ఎన్నికలప్పుడు కర్ణాటకలో సీట్లు వేలం వేస్తున్నారన్న వార్తలతో ఎన్నికల సంఘమే హెచ్చరించాల్సి వచ్చింది. తెలంగాణలో నిజామాబాద్, నిర్మల్ వైపు గ్రామాభివృద్ధి కమిటీలు ఏ చట్టం కింద లేకుండానే బెల్టు షాపులకు వేలం పెట్టి, మాట వినని కుటుంబాలను వెలివేసిన ఉదంతాలు ఏళ్ల తరబడి పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. వెలికి గురైన వాళ్లలో దళితులు ఎంతోమంది. ఆ కమిటీ వేలం సొమ్ముతో గుడి కట్టినా, బడికి గోడ కట్టినా నాకు తేడా లేదు. లెక్క అడిగే హక్కు లేని చోట చేసిన మంచి పని కూడా పటేల్ దయ కిందకే వస్తుంది.

పెద్దల చోటు ఏది

వానాకాలంలో ఏ వాగు ఎక్కడ పొర్లుతుందో, ఏ బావి వేసవిలోనూ ఎండదో, ఏ సర్వే నంబరు ఒకప్పుడు గైరానో ఊళ్లో వృద్ధులకు తెలిసినంతగా ఇంజనీరుకు తెలియదు. పాత పటేల్ ఇళ్లలో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది. దాన్ని పారేసుకోవడం తెలివితక్కువ. కానీ ఆ జ్ఞాపకాన్ని చెప్పాల్సిన చోటు గ్రామసభ. అక్కడ పటేల్ మనవడికి ఎంత ఓటో, ఆయన పొలంలో కలుపు తీసే మనిషికీ అంతే ఓటు. అంతకు మించిన పెద్దరికాన్ని పంచాయతీ ఇవ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

చట్టం ఆ దారి వేసే ఉంచింది. కర్ణాటకలో 2015 సవరణ తర్వాత జనవసతి సభ, వార్డు సభ, గ్రామసభ అనే వరసలో పనుల జాబితా కింది నుంచి పైకి రావాలి. వాడకు ఏది కావాలో మొదట ఆ వాడ జనమే రాయాలన్నమాట. పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవి. నిజాం కాలంలో పట్వారీ మూట విప్పి లెక్క అప్పజెప్పే జమాబందీ పేరుతోనే ఇప్పుడు కర్ణాటక గ్రామ పంచాయతీలు ఏటా ఖర్చుల లెక్క జనం ముందు పెట్టాలి. అప్పట్లో ఊరు అధికారికి జవాబు చెప్పేది. ఇప్పుడు అధికారి ఊరికి చెప్పాలి. పేరు పాతదే అయినా పని తలకిందులైంది. భూమి రికార్డులూ పట్వారీ గుడ్డమూట దాటి వచ్చేశాయి. కర్ణాటకలో 'భూమి' కంప్యూటర్ కేంద్రాలు 2000 ప్రాంతంలోనే మొదలయ్యాయి.

ఇంత ఉన్నా చాలా ఊళ్లలో గ్రామసభ అంటే పాతికమంది, ఒక చాయ్, ఒక సంతకాల పుస్తకం. జాబితా ముందు రోజు రాత్రే ఎవరింట్లోనో తయారవుతుంది. పటేల్ పదవిని చట్టం తీసేసింది, ఆ రాత్రి కూటమిని తీసేయడం చట్టం వల్ల కాదు. ఊరి జనం పగటిపూట వస్తేనే అది ఆగుతుంది.

2018 నుంచి ఏటా అక్టోబరు 2న దేశమంతటా గ్రామ పంచాయతీల అభివృద్ధి ప్రణాళికల కార్యక్రమం మొదలవుతోంది. జహీరాబాద్, నారాయణఖేడ్, ఔరాద్, భాల్కి వైపు పాఠకులారా, ఈసారి మీ ఊరి ప్రణాళిక గ్రామసభకు వెళ్లండి. ఇంటి ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. పనుల జాబితాను ఆసాంతం గట్టిగా చదివించండి. ఊరి చివరి వాడ పని అందులో ఎక్కిందో లేదో చూశాకే సంతకం పెట్టండి.